చాటుకు కట్టిన చీర

ధర్మవరం పట్టుచీర కట్టుకున్నామెకు దాన్ని నేసిన మనిషి పేరు తెలియదు. ఆమెకు తెలిసేది అంగడి పేరు. అంగడివాళ్ళకు సావుకారు పేరు తెలుసు, సావుకారుకు మగ్గం నంబరు తెలుసు. అంతటితో సరి. ఇక ఆ మగ్గం మీద ఒక పడుగు అయిపోయి ఇంకో పడుగు ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి అతికే మనిషి ఒకరు ఉంటారంటే, ఉంటే ఉండనీ అంటారు ఎవరైనా. మల్లీశ్వరి ముప్పై ఏండ్లుగా చేసింది ఆ పనే. దాన్ని ఊళ్ళో అచ్చు అతకడం అంటారు.

ఒక పడుగులో అయిదువేల దాకా పోగులుంటాయి. ఒక్కొక్కటే పట్టుకోవాలి. ఎడమచేతిలో పాత కొస, కుడిచేతిలో కొత్త కొస, బూడిద అద్దిన బొటనవేలితో ఒక్క మెలి. రెండూ ఒకే పోగైపోవాలి. ముడి వేయకూడదు, ముడి వేస్తే దువ్వెన లాంటి అచ్చుపళ్ళ సందులో ఇరుక్కుని తెగుతుంది. మెలి వదులైనా తెగుతుంది. బూడిద కూడా ఏది పడితే అది పనికిరాదు. పిడకల బూడిదను గుడ్డలో వడగట్టి, చిన్న రేకు డబ్బాలో పోసుకుని నడుముకు చెక్కుకుని పోయేది ఆమె. చివరి పోగు అతికినాక మిగిలిన బూడిద మగ్గం దూలానికి పూసి, ఇంటిల్లిపాదికీ వినబడేట్టు గట్టిగా, "చౌడమ్మ తల్లీ, తెగకుండా చూడు" అనేది. ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నా, వంటగదిలో ఉన్నా, "అట్లనే కానీ" అని బదులు చెప్పాలి. ఆ బదులు వినబడితేగాని గడప దాటేది కాదు.

ఆమె పుట్టింది నేతవాళ్ళ ఇంట్లో కాదు. కుందుర్పి పక్క చెనిక్కాయ, అదే వేరుశనగ, పండే భూమి. ఈ సీమలో వాన మేఘం పైనే పోతూ ఉంటుంది, కిందికి చూడదు. గుట్టల మీద గాలిమరలు మాత్రం నిదానంగా తిరుగుతూ ఎవరి ఊరికో కరెంటు పంపుతాయి. ఆమె నాయన ఏడు బోర్లు వేయించి ఏడింట్లోనూ దుమ్మే చూసినాడు. మొగుడు కదిరప్ప ఆ దుమ్ము చూసి పెండ్లయిన ఏడాదే ధర్మవరం వచ్చి మగ్గం కూలీ నేర్చుకున్నాడు. ఇక్కడి సగం వీధులు అట్లా కరువు తరిమితే వచ్చి నిండినవే. రాజులు పట్టుబట్టల కోసం నేతగాళ్ళను పిలిపించి అగ్రహారాలిచ్చినారని పాత పుస్తకాల్లో చదువుతాం. ఈ ఊరికి మనుషుల్ని పిలిపించింది మాత్రం రాజులు కారు, ఎండిపోయిన బోర్లు. చిన్నప్పటి నుంచి చెనిక్కాయలు ఒలిచిన వేళ్ళు కాబట్టి మల్లీశ్వరికి పోగు తొందరగా పట్టుబడింది. కదిరప్ప దగ్గుతో పోయి ఆరేండ్లు. ఒక్క కూతురు చిలమత్తూరు దగ్గర బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. మల్లీశ్వరికి మిగిలింది ఒక బాడుగ గది, రేకు డబ్బా, పది వేళ్ళు.

ఇంకొకటి కూడా మిగిలింది, నమ్మకం. ఈ పనిలో చేతులు కట్టుబడి ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. ఒకటిన్నర రోజు మగ్గం వెనక కూర్చుంటే ఆ ఇంటి ఆడమనిషి పక్కన చేరి పోగు కండెలు చుట్టుకుంటూ మాట్లాడుతుంది. అత్తకు చెప్పలేనిది, అమ్మకు చెప్పకూడనిది ఈమెకు చెబుతుంది. మల్లీశ్వరి తల ఎత్తకుండా "ఊ" అంటుంది. ఆ ఇంటి మాట పక్క ఇంటికి పోదు. నూరు ఇండ్ల రహస్యాలు ఆమె కడుపులో ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు కాబట్టే నూరిండ్లూ ఆమెను పిలిచినాయి. లేకుంటే ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో వేరేవాళ్ళూ ఉన్నారు.

మగ్గాలున్న ఇండ్లలోకి కెమెరాలు వచ్చింది పోయిన ఉగాది తర్వాత. చౌడప్ప సావుకారుకు తొంభై మగ్గాలున్నాయి, అన్నీ నేతగాళ్ళ ఇండ్లలోనే. పట్టు తూకం తగ్గుతోందని ఆయనకు అనుమానం. సెల్‌ఫోన్ల అంగడి ఓబిలేష్‌ను పిలిపించి, ఇంటింటికీ గోడ మీద గుండ్రని కెమెరా ఒకటి పెట్టించినాడు. దానిలోనే సిమ్ము. నేతగాడు తన ఇంట్లో కరెంటు ఇవ్వాలి, చూసేది మాత్రం సావుకారు ఫోనులో. వద్దన్నవాడికి పట్టు లేదు.

మగ్గమున్న గదే ఆ ఇండ్లలో పడుకునే గది, తినే గది, చీర మార్చుకునే గది. గంగాధరప్ప ఇంట్లో కెమెరా బిగించే రోజు అతని పెండ్లాము గౌతమి ఓబిలేష్‌ను నిలదీసింది.

"ఏమప్పా, ఇది మమ్మల్నంతా చూస్తాదా?"

"మగ్గం వరకే అక్కా. ఇంతే కనబడేది," అని రెండు చేతులతో పీట అంత కొలత చూపించినాడు వాడు.

"మేము బతికేది ఆ ఇంతలోనే కదప్పా."

"అయితే ఒక గుడ్డ అడ్డం కట్టుకో. మగ్గం కనబడితే చాలు సావుకారుకు."

కెమెరా వచ్చిన డబ్బాలో ఇంగ్లీషులో చీమతలకాయంత అక్షరాలతో ఒక కాగితం ఉంది. దాన్ని గౌతమి పొయ్యిలో వేసింది. డబ్బా గట్టిగా ఉందని కండెలు వేసుకోవడానికి పెట్టుకుంది. మగ్గానికి వెనకపక్క, గదికి అడ్డంగా ఒక పాత నూలు చీర తాడు మీద వేసి కట్టింది. ఆ వీధిలో అందరూ అదే చేసినారు. ముందుపక్క సావుకారుది, చీర వెనకపక్క తమది అనుకున్నారు. చీర చాటున చీర మార్చుకున్నారు, బిడ్డకు పాలిచ్చినారు, ఏడ్చినారు. వెనకటి రాజులకు ప్రజల మాట వినాలనిపిస్తే కంబళి కప్పుకుని వీధులెంబడి తిరిగేవాళ్ళట. కాళ్ళయినా నొప్పి పుట్టేవి వాళ్ళకు.

శ్రావణ మాసం ముందు గంగాధరప్ప మగ్గానికి కొత్త పడుగు వచ్చింది. పెండ్లి చీరలు, ఒళ్ళంతా జరీ బుటాలు. తొంభై మగ్గాల్లో అట్లాంటి పని నాలుగైదింటికే ఇస్తాడు సావుకారు. మల్లీశ్వరి వచ్చి చీర చాటున కూర్చుంది. గంగాధరప్ప బజారుకు పోయినాడు. గౌతమి కాసేపు కండెలు చుట్టి, చుట్టడం ఆపేసింది.

"అక్కా, నీకు ఒకటి చెప్తా. నీ కడుపులోనే పెట్టుకో."

"ఊ."

"మా ఆయప్పకు కండ్లు పోతాండాయి. షుగరు కండ్లల్లోకి వచ్చిందంట. పొద్దున బాగనే ఉంటాడు. మధ్యాన్నం దాటితే చిలకపచ్చకూ నెమలి రంగుకూ తేడా తెల్దు. నేనే కండెలు వరసగా చేతికి ఇస్తాండా. బుటా కాడ నేనే లెక్క చెప్తాండా."

మల్లీశ్వరి వేళ్ళు ఆగలేదు. "డాక్టరు ఏమన్నాడు?"

"పోయింది రాదు, ఉండేదాన్ని కాపాడుకోమన్నాడు. సావుకారుకు తెలిస్తే ఈ పని తీసేస్తాడక్కా. ఆయప్పకు అది తప్ప ఏమొచ్చు? ఎవరికీ చెప్పొద్దు. మా అత్తకు కూడా తెల్దు."

"నేను ఎవురికి చెప్తానే. ఆ కండె ఇట్లియ్యి."

మరుసటి రోజు మధ్యాహ్నానికి పని ముగిసింది. దూలానికి బూడిద పూసి తల్లిని తలచుకుంది. "అట్లనే కానీ" అన్నారు మొగుడూ పెండ్లామూ ఇద్దరూ.

నాలుగు రోజులకు సావుకారు గుమాస్తా శ్రీనివాసులు ఇద్దరు మనుషులతో వచ్చి, పడుగు కోసి చుట్టుకున్నాడు. జరీ, బుటా అట్టలు అన్నీ సంచిలో వేసుకున్నాడు. "సావుకారు సాదా చీరలు నేసుకోమన్నాడు. కండ్లు చూపించుకో గంగాధరా, ముందు ఆరోగ్యం చూసుకోవల్ల," అన్నాడు, నిజంగానే జాలిపడుతూ. గంగాధరప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని అట్లనే కూర్చుండిపోయినాడు. శ్రీనివాసులు పోయినాక పెండ్లాన్ని ఒకే మాట అడిగినాడు.

"ఎవురికి చెప్పినావు?"

చెప్పింది ఒక్కరికే.

ఆ సాయంత్రం గౌతమి మల్లీశ్వరి గది ముందు నిలబడింది. లోపలికి రాలేదు. అరవలేదు కూడా. "అక్కా అని పిలిచినందుకు బాగా చేసినావు. ముప్పై ఏండ్లుగా ఎంతమంది కొంపల మాటలు ఇట్ల మోసినావో, ఏమో," అనింది. మల్లీశ్వరి చౌడమ్మ మీద ఒట్టు పెట్టబోతే, "ఆ తల్లి పేరు ఎత్తొద్దు నువ్వు," అని పోయింది.

మాట వీధుల్లోకి పోయింది. తర్వాతి వారం అక్కమ్మ ఇంట్లో పని ఉండాల్సింది. అక్కమ్మ గడపలోనే, "మా వియ్యంపురాలు చేస్తానంది మల్లీ, ఏమీ అనుకోవద్దు," అనింది. అక్కమ్మకు ఆ పని తెలిసిన వియ్యంపురాలు లేదు. ఇంకో ఇంట్లో పని ఇచ్చినారుగానీ, ఆమె కూర్చున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నోరు తెరవలేదు. ఒక ఆడమనిషి పిల్లను పిలిచి గుసగుసగా, "ఆమె పోయినాక మాట్లాడు," అనింది. అది మాత్రం బాగా వినబడింది.

మల్లీశ్వరి రాత్రుళ్ళు తనను తానే తవ్వుకుంది. ఎక్కడైనా నోరు జారినానా? టీ అంగట్లోనా, కూతురికి ఫోనులోనా? లేదు. గట్టిగా లేదు. అయినా అందరూ ఒక మాటే అంటూ ఉంటే మనిషికి తన నోటి మీద తనకే అనుమానం పుడుతుంది. ఇక తట్టుకోలేక ఒకరోజు సావుకారు ఇంటికే పోయింది. 'అయ్యా, నీకు చెప్పింది నేను కాదని ఒక్క మాట గంగాధరప్పతో చెప్పు' అని అడగాలని.

సావుకారు లేడు. పడసాలలో ఆయన పెండ్లాము ఓబులమ్మ కాళ్ళు చాపుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కన చాట, చాటకు ఆనించి సావుకారు మగ్గాలు చూసే ఫోను. మల్లీశ్వరి చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. ఫోనులోంచి ఒక గొంతు వస్తోంది. "ఒరే, అన్నం పారబోస్తావా? మీ నాయనకు చెప్తా ఉండు." ఆ వెనక మగ్గం టకటక. ఆ గొంతు అక్కమ్మ కోడలిది. ఆ మగ్గం పలక వదులై కొట్టే రెండో దెబ్బను కూడా మల్లీశ్వరి గుర్తుపట్టగలదు. ఓబులమ్మ పప్పు నోట్లో వేసుకుని, తనలో తాను, "వీనికి వీపు చిట్లగొట్టల్ల," అని నవ్వింది. మధ్యాహ్నం పూట సీరియల్ చూసే ఆడమనిషి ఎట్లా నవ్వుతుందో అట్లానే. ఆమె ముఖంలో దొంగతనం ఏమీ లేదు.

మల్లీశ్వరి చెప్పులు మళ్ళీ తొడుక్కుని తిరిగి వచ్చేసింది.

మరుసటి పొద్దున నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో గౌతమిని పట్టుకుంది. వీధిలో కెమెరా లేదు.

"అది వింటాది గౌతమీ. నా చెవులతో విన్యా. సావుకారు ఇంట్లో కూర్చుంటే మన ఇండ్లన్నీ వినబడతాండాయి."

"కెమెరాకు చెవులా?" గౌతమి బిందె జరిపింది. "తప్పించుకోను ఇంకేమీ దొరకలేదా నీకు?"

"నువ్వు కండెలు వేసుకుండేది దాని డబ్బానే కదా. దాని పక్కన బొమ్మలు చూడు. కన్ను బొమ్మ, చందమామ బొమ్మ, మైకు బొమ్మ. మీటింగుల్లో పెడతారే, ఆ మైకు. నేను అచ్చు అతుకుతా రెండు రోజులు దాన్నే చూస్తా ఉంటి. బుద్ధికి తట్టలేదు."

"నెయ్యి డబ్బా మీద ఆవు బొమ్మ ఉంటాది. లోపల ఆవు ఉంటాదా అక్కా?"

పక్కనున్నవాళ్ళు నవ్వినారు. మల్లీశ్వరి నవ్వు ఆగేదాకా ఆగింది. తర్వాత గౌతమి చేయి పట్టుకుని వరస నుంచి కాస్త పక్కకు తీసుకుపోయింది.

"సరే. ఒక్కటి చెయ్యి. పది నిమిషాలు మీ ఇంట్లో చీర చాటున కూర్చోనీ. ఒక మాట చెప్తా. నువ్వు దాన్ని నీ మొగునికి కూడా చెప్పద్దు. నేనూ ఎవరికీ చెప్పను. వారం చూడు. ఆ మాట సావుకారు నోట రాకపోతే నా ముఖం నీకు చూపించను."

గౌతమి బిందె పక్కింటామెకు అప్పజెప్పింది. "రా," అనింది.

ఏం చెప్పాలన్నది మల్లీశ్వరి ముందే ఆలోచించుకుంది. ఇంకొకరి మాట చెబితే ఇంకొకరి కొంప కాలుతుంది. ఆ పని ఆమె చేయలేదు. సావుకారుకు పట్టని మాట చెబితే ఆయన పలకడు. తనదే చెప్పాలి, సావుకారు పట్టుకు నష్టం తెచ్చేదే చెప్పాలి. మొగుడు లేడు, ఆస్తి లేదు. తన దగ్గర ఉన్నది ఒక్కటే.

చీర చాటున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పాత నూలు చీర నేత పలచబడి, అవతలి గోడ మీద నీలం దీపపు చుక్క దానిలోంచి కనబడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని చూడలేదు.

"గౌతమీ, నీకు మాత్రమే చెప్తాండా," అనింది మల్లీశ్వరి. గొంతు మామూలుగానే ఉంది. "నా చేయి వణుకుతాంది. రెండు నెలలాయె. మెలి గట్టిగా పడటంలేదు. పోయినసారి ఒక ఇంట్లో నూరు పోగులు దాకా తెగినాయి. ఎవరికీ చెప్పద్దు, నా బతుకు పోతాది."

గౌతమి ఆమె చేతుల వైపు చూసింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు, బూడిద ఇంకిన గోళ్ళు. ఒక్క వేలు కూడా కదలడంలేదు.

"అట్లనా అక్కా," అనింది.

వారం పట్టలేదు. మూడో రోజే శ్రీనివాసులు సాదా చీరల పట్టు తూకం వేసుకోవడానికి వచ్చినాడు. త్రాసు సంచిలో పెట్టుకుంటూ, పోతూ పోతూ అన్నాడు.

"ఈసారి అచ్చు అతకను ఆ మల్లీశ్వరిని పిలవద్దండమ్మా. ఆమెకు చేయి వణుకంట."

"ఎవురు చెప్పినారన్నా?"

"సావుకారే చెప్పినాడు. అన్ని మగ్గాలకూ చెప్పమన్నాడు. యాడనో నూరు పోగులు తెగిచ్చిందంట."

గౌతమి నీలం చుక్క వైపు తిరిగి చూసింది. నూరు అన్న లెక్క కూడా తప్పలేదు. మొగుడు వింటున్నాడు. శ్రీనివాసులు వీధి మలుపు తిరిగినాక అతన్ని బయటికి, వేపచెట్టు దాకా నడిపించి అంతా చెప్పింది. గంగాధరప్ప తడబడుతూ లోపలికి పోయి, గోడ తడుముతూ కెమెరా వైరు మీద చెయ్యి వేసినాడు. గౌతమి వెనకనుంచి ఆ చెయ్యి పట్టుకుంది. నోటితో ఏమీ అనలేదు. ఆ చేతినే మగ్గం వైపు తిప్పింది, పొయ్యి వైపు తిప్పింది. వైరు పీకితే రేపటికి సాదా చీర కూడా ఉండదు. అతను చెయ్యి తీసి, తన చోటు తడుముకుని గుంతలోకి దిగినాడు.

ఆ పొద్దే గౌతమి మల్లీశ్వరి గదికి పోయింది. ఈసారి లోపలికి పోయి కూర్చుంది. "నువ్వు కాదక్కా," అనింది.

"ఆ మాట నలుగురిలో చెప్పు," అనింది మల్లీశ్వరి.

గౌతమి చెప్పింది. చెప్పలేదని అనడానికి లేదు. ట్యాంకరు దగ్గర చెప్పింది, చర్చి సందులో చెప్పింది, రేషను వరసలో చెప్పింది. కొందరు నమ్మి, కెమెరా మీద తడిగుడ్డ కప్పి, సావుకారు ఫోను చేసి తిడితే ఆ గుడ్డ తీసేసినారు. కొందరు నమ్మలేదు. కొందరు ఓబిలేష్‌ను అడిగినారు. "మాట కూడా వస్తాదక్కా, అది దానితోపాటే వస్తాది, నన్నెవరూ అడగలేదు కదా," అన్నాడు వాడు. అదీ నిజమే. వాడినెవరూ అడగలేదు. సావుకారునూ ఎవరూ అడగలేదు. అడిగితే వినడం మానేస్తాడా, పట్టు ఇవ్వడం మానేస్తాడా అన్నది తెలుసు కాబట్టి అడగలేదు.

చాడీలు మోస్తుందన్న మచ్చ మెల్లగా పోయింది. చేయి వణుకన్న మాట మాత్రం పోలేదు. అది అబద్ధమని, పరీక్ష కోసం చెప్పిందని గౌతమి ఎంత చెప్పినా, వినేవాళ్ళు తలూపి, మల్లీశ్వరి చేతుల వైపు ఒకసారి చూసేవాళ్ళు. అయిదువేల పోగుల పట్టు ఎవరు పణంగా పెడతారు? పైగా వద్దన్నది సావుకారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఎక్కడ విన్నాడో ఆయన చెప్పాలి. తొంభై మగ్గాలు ఆమెకు మూసుకున్నాయి. వేరే సావుకార్ల మగ్గాల్లో కూడా వణుకు మాట ముందే పోయి కూర్చుంది. మల్లీశ్వరి కళ్యాణదుర్గం రోడ్డులో ఒక చెనిక్కాయల మిల్లులో పప్పు ఏరే కూలికి కుదిరింది. ముప్పై ఏండ్ల కిందట ఏ గింజ పట్టుకున్న వేళ్ళో మళ్ళీ ఆ గింజ దగ్గరికే పోయినాయి. పొద్దున లేస్తూనే రెండు చేతులూ ముందుకు చాపి కొంచెంసేపు చూసుకోవడం అలవాటైంది ఆమెకు. వణకడంలేదని తెలుసు. అయినా చూసుకునేది.

కార్తీకంలో గంగాధరప్ప మగ్గానికి సాదా పడుగు వచ్చింది. శ్రీనివాసులు ఇంకొకరి పేరు చెప్పి పోయినాడు. గౌతమి వాళ్ళను పిలవలేదు. ఆదివారం మిల్లు సెలవు చూసి మల్లీశ్వరిని వెనక తలుపు గుండా తీసుకొచ్చింది. చప్పుడు కాకుండా రేకు డబ్బాకు గుడ్డ చుట్టుకుని వచ్చింది మల్లీశ్వరి. చీర చాటున కూర్చుంది. గంగాధరప్ప ఫోనులో భజన పాటలు పెట్టి కెమెరా కింద ఉంచినాడు.

పొద్దంతా ఎవరూ మాట్లాడలేదు. గౌతమి పోగు కొసలు ఏరి ఇచ్చింది, మల్లీశ్వరి మెలి తిప్పింది. నీళ్ళు కావాలంటే వేలు చూపించింది. చెప్పుకోవాల్సినవి ఇద్దరికీ చాలా ఉన్నాయి. గంగాధరప్పకు పొద్దున చూపు కూడా మసకబారుతోందని గౌతమి చెప్పాలి. కూతురు రెండు నెలలుగా ఫోను చేయలేదని మల్లీశ్వరి చెప్పాలి. పాటలు అయిపోయినప్పుడల్లా గంగాధరప్ప తడుముకుని మళ్ళీ మొదటినుంచి పెట్టినాడు.

మిగిలిన పోగులు మరుసటి రోజు మిల్లుకు సెలవు చెప్పి వచ్చి అతికింది. ఒక్కటీ తెగలేదు. రేకు డబ్బాలో మిగిలిన బూడిద వేలితో తీసి దూలానికి పూసింది. నోరు తెరిచింది. చీరలోంచి నీలం చుక్క కనబడింది. పెదవులు మాత్రం కదిలినాయి.

గౌతమి తల ఊపింది. గంగాధరప్పకు ఆ పెదవులు కనబడలేదు. పని అయిందో లేదో తెలియక, బదులు చెప్పాలో వద్దో తెలియక, మగ్గం అవతల ముఖం ఎత్తి కూర్చునే ఉన్నాడు. మల్లీశ్వరి బదులు కోసం కాసేపు గడప దగ్గర నిలబడి, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.